మస్తాన్ మామ కప్పుకున్న దూది బొంత

ఎండలో ఆరేసిన పాత దూది బొంతకు ఒక వాసన ఉంటాది. కొంచెం దుమ్ము, కొంచెం చెమట, కొంచెం అవ్వ పెట్టెలోని వేపాకు. మొన్న పీర్ల పండగకు ఆదోనిలో మా మిద్దె మీద ఆ బొంత పరుస్తాంటే, వాసన తగిలి కాళ్లు ఆడనే నిలబడిపోయినాయి.

మాది దూదేకులోళ్ల ఇల్లు. తాత దూదేకే విల్లు మీటితే దూది ఇల్లంతా లేచి మా తలల మీద, నీళ్ల కుండల మీద, ఎండబెట్టిన మిరపకాయల మీద వాలేది. ఎమ్మిగనూరు మగ్గాల గుడ్డలో ఆ దూదిని కూరి అవ్వ బొంతలు కుట్టేది. తుమ్మి తుమ్మి విసుక్కునేదాన్ని గానీ, ఆ దుమ్ము కోసం ఇప్పుడు ప్రాణం కొట్టుకుంటాది.

అమ్మకు తమ్ముడు మస్తాన్ మామ. పొట్టివాడు, బక్కవాడు. జట్కా తోలుతా తోలుతా గుర్రాలకు మరిగి, బెంగుళూరు పోయి పందేల్లో జాకీ అయినాడు. పందేనికి ముందు జీను ఒళ్లో పెట్టుకొని తూకంలో కూర్చోవాలంట. బరువు కొంచెం ఎక్కువైనా గుర్రం ఇంకొకడికి పోతాదంట.

ప్రతి పీర్ల పండగకూ వచ్చేవాడు. బయట తప్పెట్లు మోగుతాంటే అవ్వ రొట్టెలు, బెల్లం, ఎండుకొబ్బరి రోట్లో దంచి, నెయ్యి పోసి మలీద ముద్దలు కట్టేది. మామ ముద్ద తీసుకొని కళ్లు మూసుకొని వాసన చూసి, నా నోట్లో పెట్టేవాడు.

"నువ్వు తిను పాపా, నేను సూస్తాంటా" అనేవాడు.

నేను నమిలేంతసేపూ ఆయన దవడలు కూడా కదిలేవి. నేనేమో తిండిపోతుదాన్ని, ఎందుకని అడిగిందే లేదు. అవ్వ గడప మీద కూర్చొని చూసేది. కొడుకు ఒక్కసారి కడుపునిండా తిని, ఇంకొంచెం పెట్టమ్మా అని అడగాల, అంతే ఆమె ఆశ.

ఒక ఏడు పండగ మంచి ఎండల్లో వచ్చింది. పండగ కాగానే పందెం. చెమట కారితే బరువు తగ్గుతాదని మామ స్వెట్టరు మీద స్వెట్టరు వేసి, బొంత కప్పుకొని, పొయ్యి పక్కన కూర్చున్నాడు. నీళ్లు తాగకుండా ఐసుముక్క చప్పరించినాడు. కొడుక్కు చలి పెట్టగూడదని అవ్వ కుట్టిన బొంత అది. లేవబోయి కళ్లు తిరిగి పడితే, ఆ మాత్రానికే చెయ్యి విరిగింది. తిండి లేక ఎముకలు గుల్లబారినాయని డాక్టరు తిట్టినాడు.

ఆ పొద్దే అవ్వ బొంత కుట్లు విప్పి దూదంతా వాకిట్లో పోసింది. "సచ్చిపోతావు నాయనా, ఇంక గుర్రం వద్దు" అని ఏడ్చింది.

"గుర్రమెక్కితేనే నేను మనిషినమ్మా" అన్నాడు మామ.

కట్టు విప్పగానే మళ్లీ బెంగుళూరు పోయినాడు. అవ్వ ఆ దూదినే మళ్లీ కూరి బొంత కుట్టి, వాడొస్తే ఉండాలని పెట్టెలో పెట్టింది.

ఇప్పుడు తాత లేడు, వీధిలో విల్లు మోత లేదు, అందరివీ ఫోము పరుపులే. అవ్వా పోయింది. మామ గుర్రాలు మాని మా ఇంట్లోనే ఉన్నాడు. అన్నేండ్లు నీళ్లు తాగకుండా దాహం చంపుకున్నందుకు కిడ్నీలు చెడినాయి. ఈ ఎండల్లో కూడా చలి, చలి అంటాడు. మిద్దె మీది నుంచి బొంత తెచ్చి కప్పినాను. మలీద ఒక్క ముద్ద పెట్టొచ్చన్నాడు డాక్టరు, అంతకు మించి వద్దన్నాడు.

మామ వాసన చూడలేదు. నెమ్మదిగా తిన్నాడు, వేళ్లు నాకినాడు, పళ్లెం నా ముందుకు జరిపినాడు.

"ఇంకొంచెం పెట్టు పాపా."

నేను అవ్వ కూర్చునే గడప దిక్కు చూసినాను. గిన్నె నిండా మలీద ఉండాది. మూత పెట్టి లోపలికి తీసకపోయినాను.