పొట్టేలు కత్తి

పొట్టేలును కోసే కత్తిని మా అత్త తన ట్రంకు పెట్టెలో, పెళ్లినాటి చీర కింద పెట్టి తాళం వేసుకునేది. ఏడాదికొకసారి, క్రిస్మస్ ముందురోజు పొద్దున తీసి ఇచ్చేది. కోత పూర్తవగానే కడిగి, తుడిచి, మళ్లీ తాళం. నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఎందుకని అడిగాను.

"నా కొడుకులు నలుగురూ ఒకతావ చేరేది ఆ పండక్కేమ్మే. చేరితే ఏమైతాదో నువ్వే చూస్తావులే" అంది.

చూశాను. కేకు ముక్క ఎవరి పిల్లకు ముందు ఇచ్చారనే మాట మీద, నా మొదటి క్రిస్మస్‌కే పెద్ద బావ మా ఆయన ముందరి పన్ను ఊడగొట్టాడు. మరో ఏడు మూడోవాడు చిన్నవాడి మీదికి మరిగే ఎసరు విసిరాడు. ఆ మచ్చ వాడి మెడ మీద ఇప్పటికీ ఉంది. తక్కిన ఏడాదంతా ఒకరి గురించి ఒకరు మంచిగానే చెప్పుకునేవాళ్లు. తన్నుకున్న పూటే ఒక వరుసలో కూర్చుని తినేవాళ్లు కూడా. అందుకని మేం కోడళ్లం ఆ కొట్లాటలను పొయ్యి పొగలాగా ఓర్చుకున్నాం. కళ్లు మండితే తుడుచుకునేవాళ్లం.

రాజుపాలెం అవతల మాకు మూడెకరాల నల్లరేగడి ఉంది. అందులో ఒక బోరు, పక్కనే ఎండిపోయిన పాత బోరు, దాని మూతి మీద బండరాయి. సేద్యం చేసేది మా ఆయనా నేనూ. పెద్ద బావ జమ్మలమడుగులో బడి పంతులు, మూడోవాడు పులివెందుల దగ్గర అరటి తోటల్లో పనివాడు, చిన్నవాడు ప్రొద్దుటూరులో ఆటో తోలేవాడు. పండగకు అందరూ పెళ్లాం పిల్లలతో చేలోని ఇంటికి దిగేవాళ్లు. చోటు చాలక మగవాళ్లు శనగ పొట్టు గోతాల మీద పడుకునేవాళ్లు.

ఆ ఏడు ఉల్లి వేశాం. పండగకు గడ్డ ఊరే అదును. అప్పుడు నీళ్లు తప్పితే గడ్డ గోలీకాయంత అయి ఆగిపోతుంది. మా ఆయన పొద్దునా సాయంత్రం మడుల్లోనే ఉండేవాడు.

చిన్నవాడు ప్రొద్దుటూరు నుంచి మనిషెత్తు నక్షత్రం తెచ్చాడు. రోడ్డుకు కనపడాలని బోరు దగ్గర వెదురు గడకు కట్టాడు. ఇంటి నుంచి తీగ అందలేదు. మోటారు స్టార్టర్ పెట్టె నుంచి కరెంటు లాగాడు. సేద్యానికిచ్చే మూడు ఫేజుల కరెంటు పగలే వస్తుంది, పొద్దు గూకేసరికి పోతుంది. రాత్రికి మిగిలేది ఒక్క ఫేజే. వాడు తగిలించింది ఆ ఫేజుకు కాదు. దాంతో మా నక్షత్రం పగలంతా ఎండలో వెలిగి, చీకటి పడగానే ఆరిపోయేది.

పక్క చేను ఆసామి రోడ్డు మీద బండి ఆపి మరీ అడిగాడు. "ఏందప్పా, మీ ఏసు మిట్టమధ్యాన్నం పుట్నాడా?"

"కరెంటోళ్లు ఆ టైమే ఇచ్చినారులే మామా" అన్నాడు చిన్నవాడు. అందరం నవ్వాం. వాడూ నవ్వాడుగానీ చెవులు ఎర్రబడ్డాయి.

మా ఆయన మాత్రం, "ఇంగ ఆ పెట్టె మింద చెయ్యేసినావంటే చెయ్యి నరుకుతా" అన్నాడు.

పండగ ఇంకా రెండు రోజులుందనగా సాయంత్రం దీపాలు పెట్టే వేళకు నక్షత్రం వెలిగింది. పిల్లలు కేకలు పెట్టారు. అందరం దాని కింద నిలబడి పాటలు పాడాం. మా ఆయన కూడా గొంతెత్తి పాడాడు. ఎట్లా వెలిగిందని ఎవరం అడగలేదు.

తెల్లవారాక పొట్టేలును కిందికి పడేశారు. పెద్ద బావ ప్రార్థన చేశాడు, చిన్నవాడు కాళ్లు పట్టుకున్నాడు. మా అత్త కత్తి తెచ్చి మా ఆయన చేతికిచ్చింది. మేం పొట్టేలు నెత్తురు కూడా వండుకుంటాం. అది పట్టడానికి నేను గిన్నెలో ఉప్పు వేసి పెట్టి, నీళ్లకని బోరు తొట్టి దగ్గరికి పోయాను. పైపులో చుక్క లేదు.

"నీళ్లు రావడంలా" అని అరిచాను.

ఆయన కత్తితోనే వచ్చాడు. కరెంటు రాగానే మోటారు తనంతట తాను తిరగడం మొదలుపెట్టినట్టుంది. స్టార్టర్ పెట్టె గుర్రుమంటోంది. ముట్టుకుని చెయ్యి లాక్కున్నాడు. మూడు ఫ్యూజుల్లో ఒకటి సగం ఊడి వేలాడుతోంది, దానికే నక్షత్రం తీగ. ఒక ఫేజు లేకుండా తిరిగి తిరిగి మోటారు బోరు లోపలే కాలిపోయింది. ఆయన ఉల్లి మడుల వైపు ఒకసారి చూసి వెనక్కి నడిచాడు. నేనూ వెంట పోయాను.

"ఎవడురా పెట్టె తెరిచింది?"

చిన్నవాడు పొట్టేలు కాళ్లు వదల్లేదు. "నేనే. ఐతే ఏంది? ఊరంతా నవ్వుతాంటే రాతిరి కరెంటుకు మార్చినా. దాని కింద నువ్వూ పాడితివి గదా."

"మోటారు కాలిపాయరా!"

"కాలితే కట్టిస్తాం. మీ యబ్బ సొమ్ము పోయినట్టు మొత్తుకుంటాండావు."

"మీ ఇద్దరికీ అబ్బ ఒకడే గదరా" అని పెద్ద బావ నవ్వాడు.

మా ఆయన చిన్నవాడి రొమ్ము మీద తన్నాడు. పొట్టేలు లేచి చేలోకి పారిపోయింది. వాడు గడ్డపార అందుకుని అన్న మోకాలి కింద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. విరిగిన కాలితోనే ఆయన వాడి మీద పడ్డాడు. వాడు ఆయన బుగ్గ కొరికాడు, ఆయన కత్తి పిడితో వాడి నోటి మీద గుద్దాడు. పెద్ద బావా మూడోవాడూ నిలబడి చూస్తున్నారు. వాళ్లకది ఏటేటా జరిగే కొట్లాటే.

అప్పుడాయన వాడిని పొట్టేలును పట్టినట్టు పట్టాడు. మోకాలు రొమ్ము మీద పెట్టి, జుట్టు వెనక్కి లాగి, గొంతు పైకి తేల్చాడు. కత్తి వాదర కిందికి తిరిగింది. ఏటా అదే చేత్తో, అదే తీరులో కోసే మనిషి. ఇక ఆగడని నాకు అర్థమైంది.

నేను కుడిచేత్తో వాదర పట్టుకున్నాను. ఆయన లాగాడు. నేను వదల్లేదు. మళ్లీ లాగాడు. ముందు చల్లగా అనిపించింది, తర్వాత వేళ్లు నావి కాకుండా పోయాయి. ఉప్పు వేసిన గిన్నెలో నా నెత్తురు పడింది. అది చూసి మూడోవాడు కదిలి, రోకలితో మా ఆయన భుజం మీద ఒక్కటేశాడు. కత్తి జారింది. మా అత్త చెప్పు తీసుకుని నలుగురినీ, నవ్విన పెద్దవాడితో సహా, చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టింది.

ప్రొద్దుటూరుకు చిన్నవాడి ఆటోలోనే పోయాం. వాడు పగిలిన నోటితో తోలాడు. వెనక నేను, ఒక పక్క మా అత్త, ఇంకో పక్క కాలు చాపుకుని మా ఆయన. ఆస్పత్రిలో అడిగితే మా అత్త, "పొట్టేలు కోస్తాంటే కత్తి జారింది సార్" అంది.

పండగ పొద్దున ఆయన కట్టు కాలితోనే నా ఆస్పత్రి మంచం మీదికి ఒరిగి అన్నం ముద్ద నా నోటి దగ్గర పెట్టాడు. "ఆ చేత్తోనా?" అన్నాను. ముద్ద గిన్నెలో పెట్టేశాడు. మా అత్త తినిపించింది.

రెండు వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. తర్వాత చర్చిలో ఆడవాళ్లకు అక్షరాలు నేర్పినప్పుడు నేను బలపం ఎడమచేత్తోనే పట్టి నేర్చుకున్నాను. ఉల్లి గోలీకాయలంతే వచ్చింది.

మరుసటి డిసెంబరులో మా అత్త ట్రంకు పెట్టె తాళంచెవి నా ఎడమచేతిలో పెట్టింది. మగవాళ్లు లేనప్పుడు పాత బోరు మీది బండరాయి పక్కకు జరిపి కత్తిని లోపల వేశాను. ఇనుప గొట్టానికి తగులుతూ శానాసేపు మోగింది.

పండగ ముందురోజు మా ఆయన అడిగాడు. "అమ్మా, కత్తి యాడ?"

"నీ పెండ్లాన్ని అడుగు."

"నీళ్లకు పోయింది" అని పాత బోరు వైపు గడ్డం ఊపాను.

నలుగురూ అటు చూశారు, ఆ తర్వాత నా చెయ్యి వైపు. పెద్ద బావ కూడా నవ్వలేదు. చిన్నవాడు పొట్టేలును ఆటోలో ఎక్కించుకుని ప్రొద్దుటూరు కసాయి దగ్గరికి తీసుకుపోయాడు. మాంసం కవర్లలో వచ్చింది. కొట్లాట మాత్రం ఆగలేదు. పోగులు వేసేటప్పుడు తన వంతులో బోటి తక్కువైందని మూడోవాడు పెద్ద బావ చొక్కా చించి, ముక్కు పగలగొట్టాడు. వట్టి చేతులతోనే. నేను వడ్డన ఆపలేదు.