చిట్టికి పూసిన ఆముదం

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి లోకంలో లేదని నా నమ్మకం. అప్పుడే ఉద్యోగంలో చేరాను, తలనిండా జుట్టుండేది. (ఆ జుట్టు కింద ఏముండేదో చదివి మీరే తేల్చుకోండి.) పిల్లిని విమానం ఎక్కించే రోజున దాని ఒంటినిండా ఆముదం పూసింది నేనే. ఆనాడు ఒప్పుకోలేదు కాబట్టి ఇప్పుడు ముందే ఒప్పుకుంటున్నాను.

అక్క పెళ్లై ఢిల్లీ వెళ్లింది. బావకు రాత్రి డ్యూటీలు, తనకు అక్కడి భాష రాదు, ఫోను చేస్తే ఏడుపే. "చిట్టినన్నా తెచ్చియ్యిరా" అంది. చిట్టి బాగేపల్లిలో మా ఇంట్లో అక్క పెంచిన తెల్లపిల్లి. మెత్తటి సంచిలో పెట్టి సీటు కింద ఉంచుకోవచ్చని విమానంవాళ్లు ఒప్పుకున్నారు. మా ఇంట్లో ఎవరు ఊరికి పోయినా ఒళ్లు వేడి చేయకుండా మాడుకు ఆముదం పెట్టాల్సిందే. అవ్వ గిన్నె తెచ్చి, "ఒక్క చుక్క నెత్తిన పెట్టప్పా, చాలు" అని లోపలికి పోయింది. నేను ఢిల్లీ ఎండలు తలుచుకుని గిన్నెంతా మర్దనా చేసేశాను. పశువుల డాక్టరు కొనమన్న మెడపట్టీ కూడా, ఇదేమన్నా కుక్కా అని కొనలేదు.

చిక్కబళ్ళాపురం దాటేదాకా కారులో వాసన తప్ప ఏ గొడవా లేదు. విమానాశ్రయం తనిఖీలో మాత్రం పిల్లిని చేత్తో పట్టుకుని, సంచిని మిషన్లోకి పంపమన్నారు. పట్టుకున్నాను. తడిసబ్బులా జారిపోయింది! ట్రేల మీదుగా, ఎవరివో బూట్ల పక్కనుంచి, ఒక పెద్దాయన కాళ్లమధ్యనుంచి తెల్లగా ఒక మెరుపు. వెనక నేను. పట్టుకున్నవాళ్లందరి చేతుల్లోంచీ జారింది, అందరికీ ఆముదం పంచింది. ఇంతలో మా విమానానికి ఆఖరి పిలుపు, దానిమీద అక్క ఫోను.

"ఏం చేస్తాండాదిరా చిట్టి?"

"నిద్రపోతాండాదక్కా."

"అదో, పిల్లి బల్ల కిందికి దూరె! పట్టుకోండప్పా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"రేయ్, నిద్రలో పరిగెత్తుతాండాదా? స్పీకరు పెట్టి ఫోను నేలమీద పెట్టు."

పెట్టాను. "చిట్టమ్మా, మజ్జిగన్నం కలిపినా, దా దా దా!" అని అక్క గొంతు. బల్ల కిందనుంచి చిట్టి హుందాగా నడిచొచ్చి ఫోను పక్కన కూర్చుంది. ఒకావిడ తన తువాలు కప్పి పట్టిస్తే సంచిలో వేసుకుని పరిగెత్తాను.

విమానంలో పక్కసీటాయన ముక్కు ఎగబీల్చాడు. "ఎవరప్పా ఇంత ఆముదం పూసుకొని వచ్చినారు?" "నేనే సార్" అన్నాను. (ఆ రోజు నేను తలొంచి ఒప్పుకున్నది అదొక్కటే, అదీ అబద్ధం.)

ఢిల్లీలో అక్క చిట్టిని హత్తుకుని ఏడ్చింది, నవ్వింది, తర్వాత తన చీర చూసుకుంది. "ఎవర్రా ఈ పని చేసింది?" "అవ్వ" అన్నాను, రెప్పైనా వేయకుండా. అక్క అప్పుడే ఫోను తీసి అవ్వను కడిగేసింది. అవతలనుంచి "అవునమ్మా, చెయ్యి కొంచెం జారినాది" అంది అవ్వ.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. పొద్దున్నే అక్కకు నిజం చెప్పి, తిట్లు తిని, శనగపిండితో చిట్టికి స్నానం చేయించాను. (గీతలు ఇంకా చేతిమీదున్నాయి.) బాగేపల్లి చేరగానే అవ్వ ముందు పీటేసుకుని తల వంచాను. "చేసింది నేనేనని చెప్పేసినానవ్వా." అవ్వ గిన్నె తెచ్చి మొత్తం నా నెత్తిన కుమ్మరించింది. "ఇప్పుడు జారిపో చూస్తాము" అని నా చెవి పట్టుకుంది.

ఇప్పుడు ఆముదం నిలవడానికి అక్కడ అంత జుట్టు లేదు. అయినా ఊరికి బయల్దేరితే పెట్టుకుంటాను. ఒక్క చుక్కే.