బుట్ట అంచున సందు

మా అమ్మమ్మని "ఎందుకు" అని అడిగితే చాలు, నోట్లో అబద్ధం తయారుగా ఉంటుంది. గడ్డం మీద ఆ మచ్చేమిటని చిన్నప్పుడు నేనడిగితే చేప కరిచిందంది. మా అన్నయ్య అడిగితే చందమామ ముక్క విరిగి పడిందంది. వాకిట్లో కాలు జారి పడిందని మా అమ్మ చెబితే తెలిసింది.

ఇది ఆవిడ ఒక్కదాని గుణమేం కాదు, మా వాళ్లందరి పద్ధతీ అంతే. మేం మడుగు వాళ్లం. తుంగ కోసి బుట్టలల్లి బతికిన జనం. మడుగు ఎండగట్టి రోడ్డేశాక పట్నంలో వచ్చి పడ్డాం. మాలో పక్కన కూర్చుని నాలుగు పోగులల్లిన వాళ్లకే అసలు మాట చెబుతారు, అదీ చేతులు ఆడుతుండగానే. ఊరికే నిలబడి అడిగితే కథ చెబుతారు. గుచ్చి గుచ్చి అడిగితే ఇంకా పెద్ద కథ చెబుతారు.

అమ్మమ్మ ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పని చేస్తుంది. తొమ్మిదో తరగతితో చదువుకి దణ్ణం పెట్టి నేనూ అక్కడే చేరాను. అంతా ఆవిరి, మందుల వాసన, గోడంత మిషన్లు. దుప్పటికి ఆవిడో కొస, నేనో కొస పట్టుకుని మడతేస్తాం. నా కొస వంకరపోతే, "కాపరం కూడా ఇలాగే చేస్తావు కాబోలు" అంటుంది. ఇంటికొచ్చాక బుట్టలు పట్టుకుంటుంది. అల్లిక అంతా గట్టిగా బిగిస్తుంది కానీ, అంచు దగ్గర మాత్రం వేలెడంత సందు వదిలేస్తుంది. ఎందుకో నాకు తెలియదు. అల్లడానికి నాకు ఒళ్లు వంగదు.

మా పిన్ని మా ఇంటిల్లిపాది చదువూ తనొక్కతే చదివేసింది. యూనివర్సిటీలో మా వాళ్ల మీదే పరిశోధన చేస్తోంది. మన గురించి బయటివాళ్లు రాసింది చాలు, మనమే రాసుకోవాలంటుంది. మాట బాగానే ఉంది. కానీ దానికి ఆధారం మాత్రం ఒక పాత పుస్తకం. అమ్మమ్మ పెళ్లికి ముందు టేపురికార్డరు మోసుకుని మడుగుకొచ్చిన ఒక మాస్టారు రాసింది. బుట్ట అంచున సందు వాన ముసలమ్మ వచ్చిపోయే దారి అనీ, అది మూసేస్తే వానలుండవనీ అందులో ఉంది. పోయినేడు పిన్ని ఫోనులో రికార్డు చేస్తూ అమ్మమ్మని అడిగితే, ఆవిడా అదే చెప్పింది. పుస్తకంలోనూ అమ్మమ్మ నోటా ఒకే మాట వచ్చిందని పిన్ని పొంగిపోయింది. ఆ ఊపుతో ఆదివారాలు మా కాలనీ పిల్లలకి క్లాసు కూడా మొదలుపెట్టింది. ముందు బుట్ట సందులోంచి దోసెడు నీళ్లు పోసి కళ్లు మూసుకోవాలి, ఆ తర్వాతే తుంగ ముట్టుకోవాలి. ఆదివారం అమ్మమ్మకి డ్యూటీ, నాకు సెలవు. నేనూ వెళ్లి భక్తిగా పోశాను.

పిన్ని తన పరిశోధన వినిపించే రోజు అమ్మమ్మనీ నన్నూ తీసుకెళ్లింది. పొడుగాటి గది, గోడకి తెర, బల్ల వెనక ముగ్గురు పరీక్షకులు. ముందు వరసలో కూర్చుని బిస్కెట్లు తింటున్నాం. పిన్ని వాన ముసలమ్మ సంగతి చెప్పేసరికి అమ్మమ్మ నమలడం ఆపేసింది.

"అది నేను చెప్పిందేనే," అంది నా చెవిలో.

"తెలుసుగా, పోయినేడు చెప్పావు."

"అప్పుడు కాదు. ఆ టేపు మాస్టారికి. ప్రాణం తోడేస్తుంటే వదిలించుకుందామని చెప్పాను. మా మేనత్త బుట్ట పక్కన పడి గురకపెడుతోంది, ఆవిడని చూసి అల్లేశాను."

బిస్కెట్ నా గొంతుకి అడ్డం పడింది. నేను ఏడాదిగా ఎవరి గురకకి నీళ్లు పోస్తున్నట్టు? అంతలో తెర మీద ఫోటో పడింది. కాలనీ పిల్లలంతా బుట్టల్లో నీళ్లు పోస్తున్నారు, ముందు వరసలో కళ్లు మూసుకుని నేను. అమ్మమ్మ నా మణికట్టు పట్టుకుంది. అల్లిన బుట్ట తడిస్తే బూజు పడుతుందని మాత్రం గొణిగింది.

టీ విరామంలో వరండాలో అమ్మమ్మ పిన్నిని పక్కకి లాగి అంతా చెప్పేసింది. పిన్ని నవ్వింది. ఇవాళొక్కరోజు నీ కథలు ఆపమ్మా అంది. అమ్మమ్మ నవ్వలేదు.

"పోయినేడు నేనే అడిగాను కదా. నాకూ అదే చెప్పావు."

"నా మూతి ముందు ఫోను పెట్టి, నిలబడి అడిగావు. అలా అడిగినవాళ్లకి అదే చెబుతాం."

"నేను నీ కూతుర్నమ్మా."

నేను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అమ్మమ్మ నోట్లో అబద్ధం తయారుగా లేదు. నిజమూ లేదు. ఎవరికి తెలుస్తుంది, నోరు మూసుకుని పట్టా పుచ్చుకో అని బతిమాలింది. పిన్ని లోపలికి వెళ్లిపోయింది.

మళ్లీ అందరూ కూర్చున్నాక పిన్ని లేచి, తన పరిశోధనకి ప్రాణమైన అధ్యాయమే తప్పు అని చెప్పింది. "మా అమ్మ ఒకాయన్ని వదిలించుకోవడానికి అన్న మాటని నేను మా జాతి నమ్మకంగా రాశాను, పిల్లలకి నేర్పాను కూడా," అంది. పెద్ద పరీక్షకురాలు కళ్లజోడు తీసి, మరి ఆ సందు నిజంగా ఎందుకని అడిగింది.

"తెలియదండీ. మా అమ్మ నాకింకా చెప్పలేదు."

అందరూ అమ్మమ్మ వైపు తిరిగారు. ఆవిడ లేచి, కొంగు సర్దుకుని, కనురెప్పైనా వాల్చకుండా చెప్పింది: "బుట్ట ఊపిరి పీల్చుకోవడానికండీ. మూసేస్తే రాత్రంతా దగ్గుతుంది."

ముగ్గురూ గబగబా రాసుకున్నారు. పిన్ని పెన్ను బల్ల మీద పెట్టేసింది.

పట్టా రాలేదు. మళ్లీ మొదట్నించి రాసుకురమ్మన్నారు. బస్సులో పిన్ని మా ముందు సీట్లో కూర్చుంది. అమ్మమ్మ ఇంకా నోరు తెరుచుకునే ఉంది.

"అంతమందిలో నిలబడి నిజం చెప్పేసిందే," అంది నాతో. "మన ఇంటా వంటా లేదు ఇది."

సగం దారిలో పిన్ని వెనక్కి తిరిగింది. ఎందుకని అడగలేదు. ఇంటికెళ్లాక తుంగ నానబెట్టనా అంది.

సీటు మీదున్న పిన్ని చేతులకేసి అమ్మమ్మ చూసింది.

"ముందు ఆ గోళ్లు కత్తిరించుకుని రా."