పక్కన నిలబెట్టిన మనిషి

ప్రొద్దుటూరులో స్టూడియో పెట్టినప్పటి నుంచీ నేను ఫోటోలు తీసినదాని కంటే అతికించిందే ఎక్కువ. చనిపోయిన తాతను మనవరాలి పెళ్ళిలో కూర్చోబెట్టాలి, రాలేకపోయిన అన్నను తమ్ముడి వెనక నిలబెట్టాలి. పెళ్ళిళ్ళ కాలం ముగిసేసరికి కళ్ళు మండిపోయేవి. కంప్యూటర్ ఆపేసినా కత్తిరించిన మనుషుల అంచులే కనిపించేవి.

అలాంటి రోజుల్లోనే జమ్మలమడుగు నుంచి ఒకామె చంకలో కూతురితో వచ్చింది. భర్త కువైట్‌లో డ్రైవరు. పిల్ల కడుపులో ఉండగానే వెళ్ళిపోయాడట.

"మేమిద్దరం ఈడ దిగుతామన్నా. మా ఆయన్ను పక్కన నిలబెట్టల్ల," అని ఫోనులో అతని ఫోటో చూపించింది.

కారు పక్కన, మిట్టమధ్యాహ్నపు ఎండలో, కళ్ళు చిట్లించి ఉన్నాడు. స్టూడియో దీపాల కింద దిగిన తల్లీబిడ్డల పక్కన ఆ ఎండ ముఖం ఎంత సరిచేసినా అతకలేదు. కుస్తీ పట్టి, నీడ వేసి, చేతిని పిల్ల భుజం మీదికి తెచ్చి, ఇక చాలనుకుని ఇచ్చేశాను. ఆమె మాత్రం "శానా బాగుంది" అంది.

మరుసటేడు అతను సెలవు మీద వచ్చాడు. ముగ్గురూ స్టూడియోకు వచ్చారు. కొత్త చొక్కా, అత్తరు వాసన.

"ఈసారి నిజంగా తీయి మామా," అన్నాడు.

పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకోగానే ఏడుపు. నేను చాక్లెట్ చూపించాను, పిల్లికూత కూశాను. ఎన్నిసార్లు నొక్కినా పిల్ల ముఖం తల్లి వైపే.

"నేనేమ్మా మీ అబ్బాను. దినామూ ఫోన్లో మాట్లాడ్తాండావు గదా?" అని తండ్రి బుజ్జగించాడు.

పిల్ల ఏడుపు ఆపి, తల్లి చేతిలోని ఫోను చూపించింది. "అబ్బా ఆడుండాడు."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. పిల్లను దించి పక్కకు జరిగాడు. "వాళ్ళిద్దర్నీ తీయి మామా. నన్ను వేరేగా తీసి కలుపు."

"ఇంకొక్కసారి చూద్దాం" అనాలనిపించింది. ఓపిక లేక అనలేదు. వెలుతురు ఒకటే కావడంతో పని తొందరగా అయిపోయింది. అతుకు ఎక్కడా తెలియలేదు. అతను ఫోటోను చాలాసేపు చూసి, కవరులో వేసి చంకలో పెట్టుకున్నాడు.

గడప దాటేటప్పుడు పిల్ల కాలి చెప్పు జారిపడింది. అతను మోకాళ్ళ మీద కూర్చుని తొడగబోయాడు. పిల్ల ఏడవలేదు. తల్లి కొంగు పట్టుకునే, కాలు ముందుకు చాపింది.

కెమెరా బల్ల మీదే ఉంది. ఆ ఒక్క ఫోటో తీయడానికి నేను లేవలేకపోయాను.