పొడి గాలి పెట్టెలో గూడూరు నిమ్మకాయ

ఈ సంగతి చెప్పాలని చాలాసార్లు నోరు తెరిచాను. తెరిచినప్పుడల్లా ఎవరో ఒకరు "మాకు తెలుసులే" అని నవ్వి, టీ తాగడానికి వెళ్ళిపోయారు. వాళ్ళకు తెలిసిందల్లా సుభాషిణి అక్క చెప్పిన కథ. అసలు నీ వైపు ఏం జరిగిందయ్యా అని ఇన్నాళ్ళలో ఒక్క ప్రాణి అడిగిన పాపాన పోలేదు. అందుకే రాస్తున్నాను. ఖరీదైన యంత్రాన్ని, బెంగళూరు ప్రయాణాన్ని, నా పరువును ఒకే ఉదయం ఎలా ముంచానో మీరే చదవండి. చదివి నవ్వండి, పరవాలేదు. కానీ మధ్యలో లేచిపోకండి.

కొడవలూరు దగ్గర కాలేజీలో నేను పరిశోధన చేసే రోజులవి. మా పని టెరాహెర్ట్జ్ అలల మీద. పేరు చూసి భయపడకండి. రేడియో అలల కంటే వేగంగా, కంటికి కనిపించే వెలుగు కంటే నిదానంగా ఊగే అలలు, అంతే. వీటిని ఒక పలక మీద పాకించాలి. బంగారు పలక మీద పాకిస్తే సరిగ్గా అంటుకోవు, పైన గాలిలోకి తేలిపోతాయి. బ్యాంకు కౌంటరు ముందు నిలబడ్డ మనకు లోపలి మనిషి ఎంత విలువ ఇస్తాడో, బంగారం ఈ అలలకు అంతే విలువ ఇస్తుంది. అదే ఇండియం ఆంటిమొనైడ్ అనే సెమీకండక్టరు పలకైతే కథ వేరు. అల రాగానే అందులోని ఎలక్ట్రాన్లన్నీ తీరాన కట్టేసిన పడవల్లాగా ఒక్కసారే ఊగుతాయి. ఊగి, అలను తమ ఒంటికి హత్తుకుంటాయి. ఈ కలిసి ఊగడాన్నే ప్లాస్మాన్ అంటారు.

ఈ అలలకు తేమ పడదు. గాలిలో నీటి ఆవిరి ఉంటే అది వీటిని తాగేస్తుంది. అందుకని యంత్రం మీద పారదర్శకం కాని పెద్ద పెట్టె బోర్లించి, గొట్టంతో లోపలికి పొడి గాలి పంపేవాళ్ళం. ఇదంతా నాకు తెలుసు. కొత్తగా చేరినవాళ్ళకు వేలు ఊపుతూ చెప్పింది నేనే. ఈ ముక్క దయచేసి గుర్తుంచుకుని, ముందుకు చదవండి.

సెమీకండక్టరు నాది, బంగారం సుభాషిణి అక్కది. అక్క నాకంటే సీనియరు. కాలేజీ గ్రూపు ఫోటోలో నా ముందు నిలబడి, లోకానికి నా ఎడమ చెవి ఒక్కటే కనపడేట్టు చేసిన మనిషి. బెంగళూరు సదస్సుకు మా ఇద్దరిలో ఒక్కరినే పంపుతామని మా గైడు రంగయ్య సార్ చెప్పారు. బయటి నుంచి ఒక మేడమ్ వచ్చి ఇద్దరి కొలతలూ చూసి ఎవరన్నది తేలుస్తారు. నేను అప్పటికే మనసులో రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను.

ఆ సమయంలో అక్క వచ్చి నా స్క్రీను వైపు చూసింది.

"అబ్బా, ఎంత బాగా వచ్చిందిరా సిగ్నలు! నా బంగారం ఎందుకు పనికొస్తాది నీ ముందు?"

మీరైతే మెప్పు అనుకుంటారు. నేను అమాయకుణ్ణి కాను. ఆ "అబ్బా" ఎంత సాగిందో నా చెవులతో విన్నాను. మర్నాడు సిగ్నలు కాస్త తగ్గింది. ఆ రోజు తుఫాను గాలి, సన్నగా వాన. వానను ఎవరు అనుమానిస్తారు? విడవలూరులో ఉన్న మా అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, బాగా ఉండిన సిగ్నలు పడిపోయింది."

"ఎవురన్నా బాగుండాదని అన్నారా?"

"సుభాషిణి అక్క అనింది."

"ఇంకేందిరా మళ్ళా! దిష్టి కొట్టుండాది. మీ మామ రొయ్యల గుంట కాడ పెట్టినట్టు గ్లాసులో నీళ్ళు పోసి నిమ్మకాయ ఎయ్యి. కాయ మునిగిందంటే దిష్టి ఉన్నట్టే."

"అందరూ చూసి నవ్వుతారమ్మా."

"కనపడకుండా పెట్టుకో."

కనపడని చోటు ల్యాబులో ఒకటే ఉంది. నా యంత్రం పెట్టె లోపల, అలలను దారి మళ్ళించే అద్దాల వెనక. మంచి గూడూరు కాయ తెచ్చి, గ్లాసు నిండా నీళ్ళు పోసి అక్కడ పెట్టాను. అవి నీళ్ళని నాకు తట్టనే లేదు. రక్షణ అనుకున్నాను.

మర్నాడు చూస్తే కాయ సగం మునిగింది, సిగ్నలు సగం తగ్గింది. నా పరిశోధన మొత్తంలో ఇంత చక్కటి పొంతన నాకు ఎప్పుడూ దొరకలేదు. దిష్టి బలంగా ఉందని తేలిపోయింది కనుక గ్లాసు తీసేసి, అమ్మ పంపిన వెడల్పాటి గాజు గిన్నె పెట్టాను. సిగ్నలు ఇంకా పడింది. ఇక అక్కనే నిలదీశాను.

"అక్కా, నా పెట్టె దగ్గరికి వచ్చినావా?"

"నీ పెట్టెతో నాకేం పనిరా? గొట్టంలో గాలి వస్తా ఉందా అని చూసినా, అంతే."

"ఎందుకు చూసినావు?"

"నీ సిగ్నలు చచ్చిపోతా ఉంటే జాలేసి! పోనీ పెట్టె ఒకసారి తెరిచి చూద్దామా?"

"తెరిచేదే లేదు!"

"అంత దాచిపెట్టేదానికి ఏముందిరా అందులో? నిధా?"

చూశారా, తెరవమంటోంది! లోపల ఏదో చేయాలనే కదా? పెట్టె అంచుల చుట్టూ టేపు అంటించాను. టేపు మీద సంతకాలు పెట్టాను. ఆ ఊపులో, లోపలి గాలి బయటికి పోవడానికి ఉంచిన సందును కూడా మూసేశాను. రంగయ్య సార్ వచ్చి కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఏందయ్యా ఇది, ఓట్ల పెట్టెకు సీలేసినట్టు ఏసినావు?"

"అనుమానం సార్."

"ఎవరి మీద?"

"రుజువుతో చెప్తాను సార్."

మేడమ్ వచ్చిన రోజు ముందు అక్క పక్క బల్ల మీది తన యంత్రంలో బంగారం కొలిచి చూపింది. అది అలను పట్టుకోలేదు. పట్టుకోదని పుస్తకాల్లో ఉన్నట్టే ఉంది. తర్వాత నా వంతు. స్క్రీను మీద గీత పళ్ళూడిన దువ్వెనలాగా వచ్చింది. మేడమ్ ముందుకు వంగారు.

"ఈ గుంటలన్నీ నీటి ఆవిరివి బాబూ. ఇది ఇండియం ఆంటిమొనైడ్ కాదు, వానాకాలం. లోపల నీళ్ళేమైనా ఉన్నాయా?"

"నీళ్ళా? చుక్క లేదు మేడమ్! ఇది ఎవరో కావాలని చేసిన పని."

"తెరువు, చూద్దాం."

"ఆ అక్క ఇక్కడ ఉండగా తెరవను మేడమ్."

రంగయ్య సార్ బ్లేడుతో నా సంతకాలన్నీ కోసేశారు. పెట్టె పైకి లేచింది. అద్దాల మీద చెమట. వాటి వెనక, పెళ్ళిపీటల మీద కూర్చున్నంత ధీమాగా, గిన్నెలో నిమ్మకాయ.

మేడమ్ పెన్నుతో కాయను చూపిస్తూ అడిగారు, "ఈ పదార్థం ఏమిటి?"

"గూడూరు కాయ మేడమ్."

"చుక్క నీళ్ళు లేవంటివే!" అన్నారు సార్.

"ఇవి ఆ నీళ్ళు కావు సార్. దిష్టి నీళ్ళు."

సుభాషిణి అక్క స్టూలు కోసం వెతికి, అది దొరికేలోపే నవ్వుతూ నేల మీద కూర్చుండిపోయింది. తర్వాత లేచి, గిన్నె తీసి, అద్దాలు తుడిచి, పొడి గాలి వదిలింది. మధ్యాహ్నానికి అల నా పలకను గట్టిగా అంటుకుని పాకింది. నేను మొదటి నుంచీ చెప్పినట్టే! కానీ అప్పుడు యంత్రం ముందు ఎవరున్నారు? అక్క. బెంగళూరు ఎవరు వెళ్ళారు? అక్క.

అక్కడ ఆమె చివర్లో నా దువ్వెన గీతను తెర మీద వేసిందట. పక్కన గిన్నె, నిమ్మకాయ ఫోటో. హాలంతా చప్పట్లట. ఇప్పుడు కొత్త బ్యాచి వచ్చినప్పుడల్లా తేమ గురించి చెప్పడానికి సార్ మొదట చూపించేది అదే. దాని కింద నా పేరు లేదు. అడిగితే "నీ పరువు పోతుందని ఎయ్యలేదయ్యా" అన్నారు.

సముద్రం సాక్షిగా, ఇండియం ఆంటిమొనైడ్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ యంత్రం పెట్టెలోనూ నిమ్మకాయ పెట్టను. మిరపకాయ కూడా పెట్టను. అంతవరకూ నా తప్పు ఒప్పుకున్నాను. మరి నా సంగతేమిటి? కాయ నాది, నీళ్ళు నావి, గిన్నె మా అమ్మది, తెలివితక్కువతనం పూర్తిగా నా సొంతం, ఎవరి సాయమూ తీసుకోలేదు. అంత పేరు తెచ్చిన గీత కింద నా పేరు ఎందుకు వేయలేదు? సుభాషిణి అక్కా, నిన్నే అడుగుతున్నా. ఈసారైనా నవ్వకుండా జవాబు చెప్పు.