మరియమ్మక్క ఇచ్చిన ఐదేళ్లు

ఇన్నేళ్లుగా దీన్ని ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో వాళ్లకు కూడా. మీరు నన్నెరగరు కాబట్టి చెప్పగలుగుతున్నాను. ఎరిగినవాళ్ల ముందు ఈ బరువు దించుకునే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

ఎనభైల మొదట్లో, నంద్యాలలో డిగ్రీ ముగించి ఖాళీగా ఉన్నప్పుడు, ఒక డాక్టరుగారి దగ్గర పనికి కుదిరాను. ఏ జబ్బు మనిషికి ఎంత కష్టంగా తోస్తుందో కొలవాలని ఆయన పట్టుదల. ఊరూరా తిరిగి రోగుల్ని నేనొక ప్రశ్న అడగాలి. ఈ నొప్పితో ఇంకో ఇరవై ఏళ్లు బతుకుతావనుకో, నొప్పి పూర్తిగా పోయేటట్టయితే అందులో ఎన్నేళ్లు వదులుకుంటావు? నాకది మహా సరదాగా ఉండేది. పంటి నొప్పికి ఏళ్లకేళ్లు ఇచ్చేసేవాడొకడు, కాలు లేకున్నా ఒక్కరోజు కూడా ఇవ్వనన్నవాడు ఇంకొకడు. ఎందుకలా? బస్సులో తిరిగొస్తూ అదే ఆలోచించేదాన్ని.

చిక్కల్లా ఒకటే. ఇది ఉత్త ఊహ అని ముందే చెబితే జనం నవ్వి, నోటికొచ్చింది చెప్పేవాళ్లు. నాకు మనసులోని జవాబు కావాలి. అందుకని ఆ మాట మానేసి, దేవుడే అడుగుతున్నాడని చెప్పడం మొదలుపెట్టాను.

ఆళ్లగడ్డలో మరియమ్మక్క కూలిపనికి పోయే మనిషి. నడుం నొప్పితో వంగలేకపోయేది. భర్త లేడు. ఒక్కతే కూతురు, సుగుణ, తొమ్మిదో తరగతి. నా ప్రశ్న విని మరియమ్మక్క కొంగు తలమీదికి లాక్కుని, ప్రార్థనలో కూర్చున్నట్టు కళ్లు మూసుకుని, ఐదేళ్లు అంది. అప్పుడు నేనేమనుకున్నాను? ఎంత నిజమైన జవాబు దొరికిందో అని మురిసిపోయాను.

డాక్టరుగారి మందులతో ఆమె నడుం బాగైంది. కొన్నాళ్లకు, జవాబేమైనా మారిందేమో అడగడానికి మళ్లీ వెళ్లాను. సుగుణను బడి మాన్పించిందని అప్పుడు తెలిసింది. ఎందుకక్కా అన్నాను.

"ఉండేటివి ఎన్నేండ్లో ఏమో, అందులో ఐదేండ్లు ఇచ్చేస్తి కదా మేడం. దేవుడు నడుం బాగు చేసినాడు. ఇంగ నాకు యాడుంది టైము? పానముండంగనే పాపకు పెండ్లి చేసేస్తాండా."

గడప దగ్గర సుగుణ నిలబడి నావైపే చూస్తోంది. దేవుడు అడగలేదు, ఆ మాట నేనే కల్పించాను అంటే చాలు. అనలేదు. డాక్టరుగారికి తెలిస్తే పని పోతుందని భయపడ్డానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. నిజంగా అంతేనా? ఇంతగా నమ్మిన మనిషి ఇప్పుడేం జవాబిస్తుందో వినాలన్న కుతూహలం కూడా నా నోరు కట్టెయ్యలేదూ? కట్టేసింది. సిగ్గుతో చెబుతున్నాను, అక్కడే కూర్చుని, "ఇప్పుడైతే ఎన్నేళ్లిస్తావక్కా?" అని అడిగాను.

"ఇంగేముంది మేడం, ఇయ్యనీకి?" అంది.

చాలా ఏళ్ల తర్వాత ఆళ్లగడ్డ బస్టాండులో సుగుణ కనిపించింది. చంకలో బిడ్డ. అమ్మ గట్టిగానే ఉందని, వేరుశనగ చేలో కూలికి పోయిందని చెప్పింది. ఐదేళ్ల సంగతి తను ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. బస్సెక్కేశాను.

ఇప్పుడు రాశాక ఊపిరి కాస్త తేలికగా ఆడుతోంది. క్షమించమని మిమ్మల్ని అడగను, అడగాల్సింది మిమ్మల్ని కాదు. నా బరువు కొంచెం దిగింది. సుగుణ చదువు మాత్రం తొమ్మిదో తరగతిలోనే ఆగిపోయింది.