గద్ద బతిమాలిన రోజు

మనవరాలి పుస్తకంలో ఏది దేన్ని తింటుందో బాణాలు గీసిన బొమ్మ చూడగానే, అరవైల నాటి మన జహీరాబాద్ బడి కళ్లముందుకొచ్చింది. గోనెసంచుల మీద కూర్చున్నోళ్లారా, సార్ ఆడించిన ఆ ఆట గుర్తుందా?

నా జడలో పచ్చి జొన్నాకు గుచ్చి, నన్ను జొన్నచేను చేశారు. నా వెనక వరసగా మిడత, కప్ప, పాము. చివర గద్దగా పటేలు కొడుకు రెక్కలు చాచి నిలబడ్డాడు.

"నేను సుత గద్దనైత సార్!" అని ఏడ్చాను.

"జర ఆగు బిడ్డా. చేను ఎండిపోయిందనుకో, ముందుగాల నువ్వు కూసో. ఇగ తిండి లేనోళ్లందరు కూసోవాలె" అన్నారు సార్.

నేను కూర్చోగానే మిడత కూర్చుంది. తర్వాత కప్ప, పాము. రెక్కలు ముడుచుకుని గద్ద నా దగ్గరికొచ్చింది.

"జర లేవవే, ఆకలైతుంది!"

గంట కొట్టేదాకా నేను లేవలేదు.